గూట్లో బాపు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు గాని, మా అక్క కూతురు బడిలో చేరిన ఏడు, బడి ఎప్పుడు తెరుస్తారా అని మా ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఎదురుచూసింది నేను. పిల్ల చదువుకుని బాగుపడాలని కాదు. పొద్దున కాసేపైనా నా ఒళ్లు నాకు మిగులుతుందని. ఆ సంగతి మొన్న పక్కింటి వదిన తన చిన్నకొడుకును రెక్క పట్టుకుని మా గడప దగ్గరికి తెచ్చినప్పుడు గుర్తొచ్చింది. వాడి మెడలో కొత్త పలక దారంతో వేలాడుతోంది. "పిల్లా, వచ్చే నెల బడి తెరుస్తరు. వీన్ని జర నువ్వే తయారు జెయ్యరాదు? మీ అక్క బిడ్డను నువ్వే గద జేసింది. కండ్లల్ల నీళ్లు లేకుంట పోయిందట బడికి, మా అత్త ఇప్పటికీ చెప్తది" అన్నది. నేను ఎప్పటిలాగే తల ఊపాను. అవునో కాదో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. వాడు నన్ను ఒకసారి చూసి తల్లి కొంగులో దూరాడు. వాణ్ణి చూస్తే నాకు ముందు గుర్తొచ్చింది పాప కాదు, ఆ ఎండాకాలపు అలసట.

తొంభైల మొదట్లో మాట. అప్పుడూ ఇప్పుడూ మా ఇల్లు ఆర్మూర్ పాత బజారు వెనక సందులోనే. ఫాల్గుణం నుంచి చుట్టుపక్కల కళ్లాల్లో పసుపు ఉడుకుతుంటే ఆ మట్టి వాసన, ఆవిరి వాసన సందులోకి వచ్చి ఉతికిన బట్టలకు కూడా పట్టేది. ఎండలు ముదిరాక సిద్దుల గుట్ట రాళ్లు పగలంతా కాగి, పొద్దుగూకాక ఆ వేడిని ఊరి మీదికి వదిలేవి. అమ్మ పసుపు పనికి కూలికి పోయేది. అక్క బీడీలు చేసేది. పొద్దున లేవగానే నానిన తునికాకు కత్తిరించుకుని, తంబాకు పోసిన చాట ఒళ్లో పెట్టుకుందంటే దీపాలు పెట్టేదాకా ఆ చాట దిగేది కాదు. అక్క ఒళ్లో చాట ఉండేది గనక పాప నా ఒళ్లో ఉండేది. ఇది ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. ఇంటరు పూర్తి చేసి ఇంట్లో ఉన్నదాన్ని, లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివేదాన్ని. చదివేవాళ్లకు పని లేనట్టే లెక్క మా ఇంట్లో.

పాపను బడికి తయారు చెయ్యడం కూడా అలాగే నా మీద పడింది. తనంతట తాను బువ్వ తినాలి. లాగు బొందు విప్పుకోవాలి, మళ్లీ ముడేసుకోవాలి. ఒంటికి రెంటికి వస్తే నోరు తెరిచి అడగాలి. పేరడిగితే చెప్పాలి. వీటిలో ఒక్కటీ పాపకు రాదు. కొత్తవాళ్లు ఏదైనా అడిగితే నా చెవిలో గుసగుసలాడేది, దాన్ని నేను పైకి చెప్పాలి. నేనేమో కొత్తవాళ్లు వస్తే వంటింటి తలుపు వెనక్కి పోయే మనిషిని. ఇద్దరం కలిసి తలుపు వెనక నిలబడితే వచ్చినవాళ్లు జవాబు లేక వెళ్లిపోయేవాళ్లు. "ఒక మూగదానికి ఇంకో మూగది పంతులమ్మ" అని అమ్మ నవ్వేది. నిద్రపోవాలంటే పాపకు నా జడ కొస చేతిలో ఉండాలి. జడ లాగితే లేస్తుందని నేను పక్కకు తిరిగి పుస్తకం అందుకునేదాన్ని కాదు, గోడకేసి చూస్తూ పడుకునేదాన్ని. ఆ ఏటి డైరీలో చాలా రోజుల కింద "నిద్ర రాలేదు" అని తప్ప మరేమీ లేదు.

పాప ఎవరి చెవిలోనూ కాకుండా, ఎవరి చాటునా నిలబడకుండా గొంతెత్తి మాట్లాడేది ఒక్కరితోనే. వాళ్ల బాపుతో. బాపు నడిమింట్లో తలుపు పక్క గూట్లో ఉండేవాడు.

బావది, అంటే పాప తండ్రిది, ఏర్గట్ల ఊరు. పాప ఇంకా బోర్లా పడే వయసులో దుబాయ్ వెళ్లాడు. ఆ మరుసటి ఏడు, మోర్తాడ్ మనిషెవరో సెలవు మీద వస్తుంటే ఒక నల్లని టేపు రికార్డరు పంపించాడు, దానితోపాటు తన మాటలు నింపిన క్యాసెట్టు. అప్పట్లో మా దగ్గర ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ. వచ్చేవాళ్ల చేత అక్కడి మాటలు వచ్చేవి, పోయేవాళ్ల చేత ఇక్కడి మాటలు పోయేవి. మా ఇంట్లో మాటలు నింపే రోజు అమ్మ, అక్క, సందులోని ఆడవాళ్లు టేపు చుట్టూ కూర్చుని ఒకరి మీద ఒకరు పడి మాట్లాడేవాళ్లు. నేను మీటలు నొక్కేదాన్ని, అంతే. బావ క్యాసెట్లన్నీ ఒకేలా మొదలయ్యేవి. "బిడ్డా, మంచిగున్నవా? బువ్వ తిన్నవా? అమ్మను సతాయిస్తలేవు గదా?" తరువాత కాస్త దగ్గు. తరువాత ప్రతిసారీ ఒక మాట: "బిడ్డను బడికి నేనే తోలుకపోత. గప్పటిదాంక ఎవ్వలు తోలద్దు."

వాటిని వింటూ వింటూ పాప టేపునే బాపు అనుకుంది. గోడకు పెళ్లి ఫోటో ఉండేది గాని అది మాట్లాడదు గనక లెక్కలోకి రాలేదు. పొద్దున లేచి గూటి దగ్గరికి పోయి "బాపూ, లేసినవా?" అనేది. రాత్రి దానిమీద గుడ్డ కప్పి "బాపు పన్నడు" అని మమ్మల్ని ఊరుకోమనేది. ఒకసారి అది ఆగిపోతే బజార్లో బాగుచేసే అతను విప్పి, లోపలి నుంచి పిడికెడు పేలాలు తీశాడు. పాప అడిగేదానికీ క్యాసెట్టు చెప్పేదానికీ ఎప్పుడూ పొంతన ఉండేది కాదు. పిల్లకు అది వింతగా తోచలేదు. పెద్దవాళ్లందరూ అంతే కదా. అక్కతో ఒకటి రెండుసార్లు అన్నాను, ఇది బాపు కాదని పిల్లకు చెబుదామా అని. అక్క ఆకు చుడుతున్న చెయ్యి ఆపకుండా, "చెప్పి? గిదన్న ఉన్నదనుకోనియ్యి" అన్నది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బావకు సెలవు దొరికింది. నాలుగేళ్లలో మొదటిసారి, అదీ బడి తెరిచే రోజులకు కలిసొచ్చేలా అడిగి అడిగి సంపాదించుకున్నాడు. బడి తెరిచిన వారానికి మళ్లీ పోవాలి. బాసరకు తీసుకుపోయి బియ్యంలో అక్షరాలు దిద్దించడం కూడా ఆయన కోసమే ఆగి ఉంది. బొంబాయి బస్సు దిగి, తాళ్లతో కట్టిన పెద్ద డబ్బా రిక్షాలో వేసుకుని మిట్టమధ్యాహ్నం వచ్చాడు. సందంతా వాకిట్లోనే ఉంది. పాప నా వెనక నుంచి ఆయన్ను కింది నుంచి పై దాకా చూసింది. చూసి, లోపలికి పరుగెత్తి, గూటి ముందు నిలబడి గట్టిగా చెప్పింది. "బాపూ! ఇంట్లకు ఎవడో వచ్చిండు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. తరువాత కాళ్లు కడుక్కుంటానని వెనక బోరింగు దగ్గరికి వెళ్లినవాడు చాలాసేపటికి గాని రాలేదు.

డబ్బాలోంచి కీ ఇస్తే నడిచే బొమ్మ వచ్చింది, మెరుపుల గౌను వచ్చింది, చాక్లెట్లు వచ్చాయి. పాప అన్నీ తీసుకుంది, ఆయన్ను తప్ప. దగ్గరికి తీసుకుంటే కట్టెలా బిగుసుకుపోయేది. ఒళ్లో కూర్చోని పిల్లతో బాసర ఏమిటని ఆ ప్రయాణం మానుకున్నారు. చూడవచ్చిన చుట్టాలు ఊరుకుంటారా? "ఏంది సేటూ, సామాను నచ్చింది గని సేటు నచ్చలేదట గద నీ బిడ్డకు!" అని ఎకసెక్కాలు. ఒకరోజు ఆయనకు కోపం వచ్చి టేపును తీసి అటుక మీద పెట్టేశాడు. "ఇగ చూస్త, ఎట్ల రాదో" అన్నాడు. పాప ఏడవలేదు. ఖాళీ గూటి కింద చాప కూడా లేకుండా పడుకుంది. బువ్వ ముట్టలేదు. నేను అంతవరకు నేర్పిన బొందు ముడి, పేరు చెప్పడం, అన్నీ పోయాయి. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. బావే నిచ్చెన వేసుకుని ఎక్కి టేపు దింపి, కొంగుతో తుడవమని అక్కకిచ్చి, గూట్లో పెట్టించాడు. ఆ పూట అక్క మొదటిసారి చాట పక్కన పెట్టి కూర్చుంది. "నాలుగేండ్లు గా ఎండల సచ్చింది దీనికోసమేనా?" అని బావ గోడతో అన్నట్టు అన్నాడు. అక్క ఆకులు ఎండిపోతున్నాయని మళ్లీ చాట అందుకుంది.

నేను బావ ఎదురుగా నిలబడి ఎన్నడూ మాట్లాడి ఎరగను. నీళ్ల చెంబు కూడా గడప మీద పెట్టి వెళ్లేదాన్ని. కాని ఆ మధ్యాహ్నం వంటింటి తలుపు వెనక నిలబడి, ఎవరో నా చేత అనిపించినట్టు, "బావా, కనబడకుండ మాట్లాడి చూడుండ్రి" అన్నాను.

"ఏంది?" అన్నాడాయన.

"గొంతు ఎరుకే పిల్లకు. మనిషే ఎరుక లేడు. గూటి పక్క తలుపెనక కూసోని, క్యాసెట్ల మాట్లాడినట్టె మాట్లాడుండ్రి."

కాసేపటికి కుర్సీ ఈడ్చిన చప్పుడైంది. గూడు ఆ తలుపు పక్క గోడకే ఉంది గనక, తలుపు వెనక నుంచి వచ్చిన గొంతు గూట్లోంచి వచ్చినట్టే ఉంటుంది. "బిడ్డా, మంచిగున్నవా? బువ్వ తిన్నవా?" అన్నాడు. కాస్త దగ్గాడు. ఆ దగ్గు కావాలని దగ్గిందో నిజంగా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పాప చాప మీద నుంచి లేచింది. గూటి దగ్గరికి పోయి, "తినలె. బాపూ, బడిల కొడతరా?" అన్నది.

"కొట్టరు బిడ్డా. కొడితె నేనొస్త."

పాప నా వైపు తిరిగింది. కళ్లు ఇంతింత చేసుకుని, "చిన్నమ్మా! బాపు నేనడిగినదానికే చెప్తుండు!" అన్నది. అక్క కత్తెర ఆగిపోయింది.

అక్కడి నుంచి పాప నోరు మూతపడలేదు. అంతకుముందు టేపును అడిగినవన్నీ మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఇంటి సంగతులన్నీ చెప్పింది. "బాపూ, చిన్నమ్మ బియ్యం కుండల పుస్తకం దాస్తది." తలుపు వెనక నుంచి పెద్ద నవ్వు. టేపు అలా నవ్వడం ఎన్నడూ వినలేదు, పాప పడీపడీ నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నేను నెలలుగా నేర్పలేనివి ఆయన ఆ కుర్సీలో కూర్చుని నేర్పాడు. "సారు పేరడిగితె ఎట్ల చెప్తవో నాకు చెప్పు. గట్ల గాదు, గట్టిగ. దుబాయ్ దాంక ఇనబడాలె." పాప సందంతా వినబడేలా అరిచేది. ఆ రోజుల్లోనే నేను ఒక నవల మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపులో చదివాను. ఇంటి పనుల్లో నాకంత సుఖం ఎప్పుడూ దొరకలేదు.

అయితే సెలవు కరిగిపోతోంది. బావ ఇంట్లో కనబడ్డప్పుడల్లా పాప నా వెనక్కి వచ్చేది. కనబడనప్పుడు గూటికి అతుక్కుపోయేది. ఒకరోజు, "బాపూ, ఇంట్ల ఒకడున్నడు. మన కంచంలనే తింటడు. ఎప్పుడు పోతడు?" అని అడిగింది. వంటింట్లోంచి చూస్తే ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. "పోతడు బిడ్డా. జల్దినే పోతడు" అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ అక్కతో, "ఇంటికొచ్చి గూడ దుబాయ్‌లనే ఉన్నట్టున్నది" అన్నాడు. అక్క ఆయన కంచంలో ఇంకో ముద్ద వేసింది.

బడి తెరిచిన రోజు రానే వచ్చింది. రెండు సందుల అవతల ఒక ఇంట్లో కొత్తగా పెట్టిన ప్రైవేటు బడి. పాపకు తల దువ్వి, పలక చేతికిచ్చి, కొబ్బరికాయ, పుట్నాలూ బెల్లం పట్టుకుని బయలుదేరబోతే గూటి ముందు బైఠాయించింది. "బాపు తోలుకపోత అన్నడు. బాపు వస్తెనే పోత." అమ్మ తల పట్టుకుంది. అక్క ఇక దేనికీ ఓపిక లేనట్టు, "పెట్టెను గూడ మోసుకపోండ్రి, ఏమైతది" అన్నది. "ఎవరు మోస్తరు?" అన్నాను. పాప కాసేపు ఆలోచించి, వాకిట్లో నిలబడ్డ తండ్రిని వేలితో చూపించి, "గా మనిషి మోస్తడు" అన్నది.

ఆయన మోశాడు. ఇస్త్రీ ప్యాంటు, కొత్త చొక్కా, చేతికి మెరిసే గడియారం, భుజం మీద టేపు రికార్డరు. పాప పలక పట్టుకుని ముందు నడుస్తోంది, వెనక్కి చూడటం లేదు. ఆయన వెనక నుంచి, "నిమ్మలంగ బిడ్డా. రాయి ఉన్నది, సూస్కో. ఎడ్లబండి వస్తుంది, ఒడ్డుకు జరుగు" అంటూ మాట్లాడుతున్నాడు. నేను కొంగు తల మీదికి లాక్కుని వాళ్ల వెనక నడుస్తున్నాను. చాయ్ హోటలు ముందు కూర్చున్నవాళ్లలో ఒకడు, "ఏం సేటూ, పైసలైపోయినయా? టేపు అమ్మనీకె బయలెల్లినవ్?" అన్నాడు. మిగతావాళ్లు గొల్లుమన్నారు. బావ చెవులు ఎర్రబడ్డాయి గాని బదులు చెప్పలేదు. ఆ పూట ఆయన గొంతు ఆయనది కాదు, పెట్టెది.

వరండాలో బల్ల వేసుకుని సారు పేర్లు రాసుకుంటున్నాడు. పాప తన పేరు సందు దాటి వినబడేలా చెప్పింది. సారు ఉలిక్కిపడి నవ్వాడు. "మీ బాపు ఎవరమ్మా?" అంటే వెనక్కి తిరక్కుండానే వేలు చూపింది. సారు పెట్టె మోస్తున్న మనిషిని చూసి రాసుకున్నాడు. పాప చూపింది పెట్టెను. "సరే గని, గా పెట్టె లోపటికి వద్దు" అన్నాడు సారు.

బావ టేపును నా చేతులకిచ్చాడు. నేననుకున్నదానికంటే బరువుంది. ఏమనిపించిందో, దాన్ని పట్టుకుని గేటు దాకా వెనక్కి జరిగాను. బావ పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎత్తుకోవడానికి చేతులు చాచలేదు. చేతులు వెనక కట్టుకుని, "బిడ్డా, మంచిగున్నవా? బువ్వ తిన్నవా?" అన్నాడు. పాప గేటు దగ్గర నా చేతుల్లోని పెట్టెను చూసింది. గొంతు అక్కడి నుంచి రాలేదు. మళ్లీ ఆయన ముఖం చూసింది. ఇక్కడ ఏడ్చిందంటే మళ్లీ బడి లేదు, ఆయనకు మళ్లీ రోజు లేదు. పాప అరచెయ్యి చాచి ఆయన నోటి మీద పెట్టి, "మల్ల అను" అన్నది. ఆయన అన్నాడు. చేతి కింద పెదవులు కదిలాయి. ఇంకోసారి అనిపించుకుంది. తరువాత, ఏ ఆశ్చర్యమూ లేకుండా, చుట్టాన్ని అడిగినట్టు అడిగింది. "పెట్టెల్నుంచి ఎప్పుడొచ్చినవ్?"

"గిప్పుడే బిడ్డా" అన్నాడు. ఆయన వేలు పట్టుకుని పాప లోపలికి పోయింది. కండ్లల్ల నీళ్లు లేకుండా పోయిందని ఊరు చెప్పుకున్నది పాప గురించి మాత్రమే. నేను ఆ బరువును ఎత్తుకుని ఇంటికి వచ్చి, దాన్ని గూట్లో పెట్టి, పుస్తకం తీసి, ఒక్క పేజీ తిప్పకుండానే నేల మీద పడి నిద్రపోయాను. ఎండ వాకిలి దాటేదాకా ఎవరూ లేపలేదు.

ఆ వారం రోజూ బావే తీసుకుపోయి, బావే తీసుకొచ్చాడు. భుజాన పెట్టె లేదు, పాపే ఉంది. వెళ్లే రోజు పాపను బడిలో దింపి, ఆ పొద్దుటి బస్సుకే బొంబాయి వెళ్లిపోయాడు. పాప సాయంత్రం వచ్చి ఇల్లంతా వెతికింది. గూటి ముందు నిలబడింది గాని పిలవలేదు. చాలాసేపటికి నా దగ్గరికి వచ్చి, "చిన్నమ్మా, దుబాయ్ ఎంత దూరం?" అని అడిగింది. అంతకుముందు ఎన్నడూ అడగలేదు. అడిగే అవసరం లేకపోయింది, అప్పటిదాకా తండ్రి ఇంట్లోనే ఉన్నాడు కదా. నేను చెప్పలేక తల ఊపాను.

రెండేళ్లకు మళ్లీ వస్తానన్నవాడు ఇంకా రాలేదు. మొదట సెలవు దొరకలేదన్నాడు, తరువాత కంపెనీ మారానన్నాడు. ఇప్పుడు క్యాసెట్లు పోయాయి, నెలకోసారి ఎస్టీడీ బూతుకు ఫోను వస్తుంది. పాప పోయి "మంచిగున్న" అని చెప్పి వస్తుంది. రెండేళ్లు పెద్దవాళ్లకు రెండేళ్లే, బడికి పోయే పిల్లకు అది సగం బతుకు. ఆ లెక్క ఆయనకు వెళ్లే పొద్దుటే తెలిసినట్టుంది. బ్యాగు భుజాన వేసుకుని గడప దాటుతూ వంటింటి వైపు చూశాడు. ఆ ఒక్కసారి నేను తలుపు ముందే నిలబడి ఉన్నాను. ఇంతవరకు ఆయన నాతో అన్న ఆఖరి మాటలు అవే:

"మల్ల వచ్చేటాల్లకు నేను మల్ల కొత్తోన్నే అయిత గద పిల్లా. ఫికర్ జెయ్యకు. గప్పుడు తలుపెనక కుర్సీ నేనే ఏసుకుంట."